దేవుణ్ణి నమ్మని అబ్బాయిని ప్రేమించడం తప్పా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. అతను మంచివాడు, కానీ దేవుణ్ణి నమ్మడు. ప్రతి ఆదివారం నన్ను చర్చి గేటు దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా బైక్ మీదే కూర్చుంటాడు. అమ్మేమో బైబిల్లో రెండో కొరింథీ 6:14 చూపించి, అవిశ్వాసులతో జోడు వద్దంటోంది. టెన్షన్‌తో ప్రార్థన కూడా సాగడం లేదు.

జవాబు 1: ఆ వచనంలో పెళ్లి మాటే లేదండీ. ఆ లేఖ రాసిన అపొస్తలుడు పౌలు వాడింది కాడి పోలిక. ద్వితీయోపదేశకాండం 22:10లో ఎద్దును, గాడిదను జతచేసి దున్నవద్దని ఉంటుంది. అలాగని పెళ్లికి వర్తించదని నేననను. పిల్లల్ని ఏ విశ్వాసంలో పెంచుతారో మాట్లాడుకున్నారా?

జవాబు 2: మా ఆయన నమ్మరు. మారతారనుకుని చేసుకున్నాను, 11 ఏళ్లయింది, మారలేదు. మొదటి కొరింథీ 7లో, కాపురానికి ఇష్టపడే అవిశ్వాసి భర్తను విడిచిపెట్టవద్దని ఉంది. అది పెళ్లయినవాళ్లకు చెప్పిన మాట, ముందే ఇచ్చిన అనుమతి కాదు. ఆయన బంగారం లాంటి మనిషి. కానీ మా నాన్న పోయిన రాత్రి నా చేయి పట్టుకుని కూర్చున్నారే గానీ, నాతో కలిసి ప్రార్థించలేకపోయారు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

ప్రశ్న అడిగినవారు: పిల్లల సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఈ ఆదివారం ఆ బైక్ దగ్గరే అడుగుతాను.