ఈ వారం గట్టెక్కేదెలా? – ఆఖెన్‌లో సెమిస్టర్ రెండో వారం

కొత్తగా వచ్చిన స్టూడెంట్, ఆఖెన్

అందరికీ నమస్కారం. జర్మనీలోని ఆఖెన్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చి మూడు వారాలవుతోంది. మొదట్లో సీనియర్ల గదిలో నేల మీద పడుకున్నా. పది రోజుల క్రితం షేరింగ్ ఫ్లాట్‌లో గది దొరికింది. వచ్చే వారం క్యాలెండర్ చూస్తేనే దడగా ఉంది. సోమవారం 8:30 నుంచి సాయంత్రం దాకా క్లాసులే. మంగళవారం 7:50కి ఆన్‌మెల్డుంగ్ (ఊరి ఆఫీసులో ఇంటి చిరునామా నమోదు) అపాయింట్‌మెంట్, 10:30కి ల్యాబ్. బుధవారం రాత్రి 12 లోపు గ్రూప్ అసైన్‌మెంట్, నలుగురిలో ఇద్దరు ఇంతవరకూ మెసేజ్‌కి పలకలేదు. గురువారం ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్ ఇంటర్వ్యూ. శుక్రవారం బ్యాంకు వీడియో వెరిఫికేషన్. శనివారం బట్టలు, వంట, సరుకులు.

నా ప్రశ్న ఒక్కటే. మంగళవారం అపాయింట్‌మెంట్ ముగించుకుని ల్యాబ్‌కి అందుకోగలనా?

డ్రెస్డెన్ అన్న

తమ్ముడూ, ముందు నీ శనివారం సంగతి చెప్తా. సరుకులు సాయంత్రానికి వాయిదా వేయకు. ఆదివారం షాపులన్నీ మూత. పాలు అయిపోతే రైల్వే స్టేషన్ దాకా పోవాలి. రాత్రి 10 దాటాక వాషింగ్ మెషీన్ వేయకు, కింద ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు. ఇంకోటి, అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున 3 గంటలు 2 అవుతాయి. ఫోన్ తనే మారుతుంది, గోడ గడియారం మారదు.

ఇక పార్ట్‌టైమ్. ఏడాదికి 120 ఫుల్ డేస్ లేదా 240 హాఫ్ డేస్. ఒక్క రోజు దాటినా వీసాకే ఎసరు. రాసి పెట్టుకో.

కొత్తగా వచ్చిన స్టూడెంట్, ఆఖెన్

థ్యాంక్స్ అన్నా. తమ్ముడిని కాదు, చెల్లెల్ని.

ష్టుట్‌గార్ట్ అక్క

అన్నగారూ, అది మీరు చదువుకున్న రోజుల లెక్క. 2024 మార్చి నుంచి 140 ఫుల్ డేస్, 280 హాఫ్ డేస్. నాలుగు గంటల్లోపు చేస్తే హాఫ్ డే. యూనివర్సిటీలో హివి పని (ప్రొఫెసర్లకి సాయంగా చేసే స్టూడెంట్ ఉద్యోగం) దొరికితే అసలు ఈ లెక్కలోకే రాదు. అందుకే చెల్లీ, గోడౌన్ కంటే ముందు మీ డిపార్ట్‌మెంట్ నోటీసులు చూడు. ఒకటి మాత్రం గుర్తుంచుకో. జీతం కాకుండా ఇన్‌వాయిస్ మీద డబ్బిస్తామనే పని వస్తే ఒప్పుకోకు. అది సొంత వ్యాపారం కింద లెక్క, దానికి వేరే పర్మిషన్ కావాలి.

డ్రెస్డెన్ అన్న

సరే, 140. కానీ వారానికి 20 గంటలు దాటకూడదన్నది మారలేదు కదా?

ష్టుట్‌గార్ట్ అక్క

అది ఇన్సూరెన్స్ గొడవ. క్లాసులు నడిచే రోజుల్లో 20 గంటలు దాటితే వాళ్లు మనల్ని స్టూడెంట్‌గా చూడరు, జీతంలో కోతలు పెరుగుతాయి. సెలవుల్లో దాటొచ్చు. రెండు లెక్కలూ కలిపేసి కొత్త పిల్లని కంగారు పెట్టకండి.

హానోవర్ పాత కాపు

మీ లెక్కలు తర్వాత తేల్చుకోండి. అమ్మాయ్, నువ్వు ఆ ఇంట్లో దిగావని ల్యాండ్‌లార్డ్ సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్ కాగితం చేతిలో ఉందా? అది లేకుండా మంగళవారం వెళ్లడం వృథా. నా కథ విను.

నేను దిగింది 2016లో. ఇల్లు ఇచ్చినవాళ్లు ఆ కాగితం ఇచ్చి తీరాలన్న రూల్ 2015 నవంబర్‌లో వచ్చింది. మా ఇంటాయనకు అది తెలియదో, తెలిసీ నటించాడో. పెద్దాయన. నడుముకి ఇంత తాళాల గుత్తి, మెట్ల మీద గలగలమంటే ఆయన వస్తున్నట్టే. ఎప్పుడడిగినా వచ్చే వారం అనేవాడు. కాంట్రాక్టు ఉంది కదా అని ధీమాగా ఆఫీసుకి వెళ్లా. కౌంటర్‌లో ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, కాంట్రాక్టుని ఒక్క వేలితో నా వైపు నెట్టింది. ఇది కాదు అంది. అంతే. తర్వాతి అపాయింట్‌మెంట్ ఐదు వారాలకి! ఆ రోజు నేను ల్యాబ్ కూడా ఎగ్గొట్టి వెళ్లాను.

కాగితం వచ్చాకైనా తెరిపిన పడ్డానా? పోస్టు డబ్బా మీద నా పేరు అంటించనివ్వలేదు, ఇత్తడి పలకకు జిగురు మరక పడుతుందట. ఇక్కడ పోస్టాయన ఫ్లాట్ నంబర్ చూడడు, పేరు చూస్తాడు. నా ట్యాక్స్ ఐడి ఉత్తరం వెనక్కి పోయింది, బ్యాంకు పిన్ వెనక్కి పోయింది. ఐడి లేదని మొదటి జీతం అన్నిటికంటే ఎక్కువ పన్ను పడే 6వ ట్యాక్స్ క్లాసులో కోసేశారు. తర్వాత వెనక్కొచ్చిందనుకో, కానీ ఆ నెల ఎలా గడిచిందో నాకే తెలుసు. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర మళ్లీ పేచీ. గోడకి బూజు పట్టిందట, నేను కిటికీలు తెరవలేదట!

డ్రెస్డెన్ అన్న

నిజం చెప్పు బాబాయ్, తెరిచావా?

హానోవర్ పాత కాపు

డిసెంబర్‌లో ఎవడు తెరుస్తాడయ్యా?

ష్టుట్‌గార్ట్ అక్క

తెరవాల్సింది డిసెంబర్‌లోనే. ఐదు నిమిషాలు బార్లా తీసి మూసేయాలి. కిటికీ పైభాగం కాస్త వాల్చి అలాగే వదిలేస్తే గోడ చల్లబడుతుంది, బూజు అక్కడే పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఇంటాయనది పూర్తిగా తప్పని నేను అనను.

హానోవర్ పాత కాపు

నువ్వు కూడా వాళ్ల పార్టీయేనా తల్లీ. అమ్మాయ్, డిపాజిట్ మూడు నెలల కోల్డ్ రెంట్ (హీటింగ్, నీళ్ల లాంటి ఖర్చులు కలపని అద్దె) దాటకూడదు. మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా నీకుంది. ఒక్కసారే తెమ్మంటే ఈ మాట చెప్పు.

కొలోన్ స్టూడెంట్

పాపం తను అడిగింది ల్యాబ్ గురించి. నాకు పోయినేడు కౌంటర్ దగ్గర పావుగంట పట్టింది. కాగితాలన్నీ ఉంటే 10:30కి సుఖంగా చేరతావు. క్లాసుల టైమ్‌టేబుల్‌లో సి.టి. అని ఉంటే పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది. ల్యాబ్‌కి ఆ సడలింపు ఉందనుకోకు. బుధవారం అసైన్‌మెంట్‌కి ఆ ఇద్దరి కోసం ఎదురుచూడకుండా ఇవాళే ట్యూటర్‌కి మెయిల్ పెట్టు. గడువు ముగిశాక పెడితే సాకులాగే వినిపిస్తుంది. పరీక్షల రిజిస్ట్రేషన్ తేదీ కూడా ఇప్పుడే క్యాలెండర్‌లో వేసుకో. క్లాసుకి రిజిస్టర్ అయితే పరీక్షకీ అయినట్టే అనుకుని నేను ఒక పేపర్ పోగొట్టుకున్నా.

కొత్తగా వచ్చిన స్టూడెంట్, ఆఖెన్

అందరికీ థ్యాంక్స్. ల్యాండ్‌లార్డ్ కాగితం ఉంది, సంతకం కూడా ఉంది. కానీ బాబాయ్ కథ చదివాక చెప్పులేసుకుని కిందికి వెళ్లి చూశా. మా డబ్బా మీద మూడు పేర్లున్నాయి, నాది లేదు. నా గదిలో ఇంతకుముందు ఉన్నతని పేరే ఇంకా ఉంది. ఇన్సూరెన్స్ కార్డు పంపామని వారం కిందటే మెయిల్ వచ్చింది. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

హానోవర్ పాత కాపు

చూశావా! టేపు ఉందా ఇంట్లో?

కొత్తగా వచ్చిన స్టూడెంట్, ఆఖెన్

ఉంది.

ష్టుట్‌గార్ట్ అక్క

ఇప్పుడే అంటించు. ఇన్సూరెన్స్ వాళ్లకి మళ్లీ పంపమని మెయిల్ పెట్టు. ముద్దుపేరు కాదు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎలా ఉంటే అలాగే రాయి.

కొత్తగా వచ్చిన స్టూడెంట్, ఆఖెన్

మా ఇంటిపేరు ఇంగ్లిష్‌లో పదిహేను అక్షరాలు అక్కా. డబ్బా మీద చోటు సరిపోదు.

హానోవర్ పాత కాపు

రెండు లైన్లలో రాయమ్మా.