"నిరీక్షణ": ఎదురుచూపా, ఆశా?

క్రైస్తవుల సమాధుల మీద, సంస్మరణ ప్రకటనలలో కనిపించే "నిరీక్షణ" అన్న మాటకు అర్థమేమిటని గత వారం ఇక్కడ ఒక సభ్యురాలు అడిగారు. ఏడాదిగా ఈ మాట నా మనసును విడిచిపోలేదు కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

నిరుడు మా అమ్మ ప్రభువునందు నిద్రించిన (మరణించిన) తరువాత, హనుమకొండలో రాళ్లు చెక్కే ఒక పెద్దాయన దగ్గర నల్లరాతి పలక చేయించాము. పేరు, తేదీల కింద "నిరీక్షణతో" అని చెక్కమన్నాను. ఆయన సుద్దముక్కతో అక్షరాలు గీస్తూ "నిరీ" దగ్గర ఆగి, "ఎవరి కోసం సార్? అమ్మ మీ కోసం సూస్తున్నట్టా, మీరు అమ్మ కోసం సూస్తున్నట్టా?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆయన అడిగినదానిలో తప్పు లేదు. నేటి వాడుకలో నిరీక్షణ అంటే ఎదురుచూపే. హిందీలో అదే మాటకు తనిఖీ అని అర్థం. ఇది కాజీపేట రైల్వే ఉద్యోగులకు బాగా తెలుసు. రెండింటికీ మూలం "చూచు" అనే అర్థమున్న ఈక్ష్ ధాతువే. తెలుగు బైబిలు దీనిని ఆశ అనే అర్థమున్న గ్రీకు "ఎల్పిస్" అన్న మాటకు వాడింది. "విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును" అన్న వాక్యం వినని క్రైస్తవ కుటుంబం మన జిల్లాలలో ఉండదు.

"ఆశ" అంటే సరిపోయేది కదా అని కొందరు అంటారు, ఇటీవలి వాడుకభాష అనువాదాలలో "ఆశాభావం" కూడా కనిపిస్తున్నది. అది సులభంగా అర్థమవుతుందన్న మాట నిజమే. అయితే "ఆశపడ్డాడు" అన్నా, "దురాశ దుఃఖానికి చేటు" అన్నా, తెలుగులో ఆశకు కోరిక వాసన అంటుకొనే ఉన్నది. కోరిక తీరవచ్చు, తీరకపోవచ్చు. 130వ కీర్తనలో "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా" నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నదని ఉన్నది; ఇక్కడ కనిపెట్టడమంటే ఎదురుచూడడమే. మా నాన్న మొక్కజొన్న చేనులో మంచె మీద అడవిపందులకు కాపలా పడుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. చలికి గొంగడి కప్పుకొని తూర్పు దిక్కు చూస్తూ కూర్చునేవారే గాని, తెల్లవారుతుందో లేదో అన్న అనుమానం ఆయనకు ఏనాడూ లేదు. "ఆశ" చెప్పలేని ఆ నిశ్చయాన్ని "నిరీక్షణ" చెబుతుందని నా అభిప్రాయం.

ఇక బైబిలులో పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) 4వ అధ్యాయం 13వ వచనం గురించి చెప్పాలి. "నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అన్న ఆ మాటలను అమ్మ ఆదరణ కూడికలో (మరణం తరువాత కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థనలో) చదివినప్పుడు, ఒక బంధువు నా చెల్లెలి చేయి పట్టుకొని, "ఏడ్వొద్దు బిడ్డా, మనం విశ్వాసులం" అన్నారు. ఆమె ప్రేమతోనే అన్నారు, కాని వాక్యం అలా చెప్పడం లేదు. అందులో బరువంతా "వలె" అన్న చిన్న మాట మీద ఉన్నది. దుఃఖపడవద్దని పౌలు అనలేదు, నిరీక్షణ లేనివారి దుఃఖం వంటిది మీకు వద్దన్నాడు. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను సువార్త చెబుతున్నది. కొద్ది సేపట్లో అతనిని బ్రతికించి లేపబోతున్నవాడే ఏడ్చాడు. చెల్లెలికి ఆ రాత్రి ఈ సంగతి చెప్పాను, తను గట్టిగా ఏడ్చింది, ఆ తరువాత నాలుగు రోజులకు మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నది.

మరొక విశేషం రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో ఉన్నది: "నిరీక్షింపబడునది కనబడునప్పుడు, నిరీక్షణతో పని యుండదు." చూపు అనే ధాతువు నుండి పుట్టిన మాటను, ఇంకా కంటికి కనబడనిదాని కోసం నిలబెట్టిన ఈ తెలుగు వాక్యాన్ని చదివిన ప్రతిసారీ అనువాదకులకు మనసులో నమస్కరిస్తాను.

పలక తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు పెద్దాయనకు, "ఇద్దరమూ చూస్తున్నాము" అని జవాబు చెప్పాను. మృతులు తిరిగి లేచే పునరుత్థానం నాటి వరకు అమ్మది నిద్ర, మాది మెలకువ. కనిపెట్టేది మాత్రం ఒకే ఉదయం కోసం. ఆయన తలూపి, తడిగుడ్డతో అక్షరాల మీది దుమ్ము తుడిచి ఇచ్చారు.

బైబిలు అనువాదాలకు ముందటి తెలుగు కావ్యాలలో "నిరీక్షణ" ఈ నిశ్చయమైన ఆశ అన్న అర్థంలో ఎవరికైనా కనిపించిందా? పద్యంతో సహా తెలియజేయగలరు.