మా బీగిల్ మొండిదా, లేక మేమే అలా నేర్పామా?

ప్రశ్న (హన్మకొండ)

మా ఇంట్లో 14 నెలల మగ బీగిల్ కుక్క ఉంది. పేరు గుండు. ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటుంది, చెయ్యి ఇవ్వమంటే ఇస్తుంది. గేటు దాటిందంటే మాత్రం మేమెవరమో దానికి గుర్తుండదు. సాయంత్రం 5 గంటలకు వడ్డేపల్లి చెరువు కట్టకు బయలుదేరితే, నేలకు ముక్కు ఆనించి నన్ను ఈడ్చుకుపోతుంది. ఈ ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి ఇంకో పేచీ వచ్చింది: తారు రోడ్డు మొదలయ్యే మలుపు దగ్గర కూలబడి, ఎత్తుకుంటే తప్ప కదలడం లేదు.

గత నెలలో మెడపట్టీలోంచి తల తప్పించుకుని పారిపోయింది. "కమ్, కమ్" అని నేను అరిచినకొద్దీ దూరం జరిగి, చివరికి ఒక మిరపకాయ బజ్జీల బండి కింద దొరికింది. ఇంటికి వచ్చి నేర్పే శిక్షకుడు ఒకరు గొలుసు బిగించి రెండు తగిలించమని, యజమాని ఎవరో దానికి తెలియాలని అన్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా నాన్నగారి మాట. అది భోజనాల వేళ మొరిగి మొరిగి ఆయన చేత రొట్టె ముక్క పెట్టించుకుంటుందన్నది వేరే సంగతి. కొట్టడానికి నాకు మనసొప్పడం లేదు. ఏమి చేయాలి?

సమాధానం 1 (కాజీపేట)

మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా బీగిల్ ఉంది కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లండులో ఈ జాతిని కుందేళ్ల వేటకు గుంపులుగా వదలడానికి పెంచారు. వేటగాడు ఎక్కడో వెనక ఉండగా, ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా వాసన పట్టుకుని ముందుకు పోయే కుక్కలనే ఏరి ఏరి పిల్లలు పెట్టించారు. అప్పట్లో మెచ్చుకున్న గుణాన్నే మనం ఇప్పుడు మొండితనం అంటున్నాము. అలాగని ఇది చెబితే నేర్చుకోని జాతి కాదు. విమానాశ్రయాల్లో ప్రయాణికుల సామానులోని పండ్లను, మాంసాన్ని పసిగట్టడానికి బీగిళ్లను వాడటం అమెరికా వ్యవసాయ శాఖ 1984లో మొదలుపెట్టింది. వాసన తగలగానే అవి ఆ సామాను పక్కన బుద్ధిగా కూర్చుంటాయి, ఎందుకంటే అలా కూర్చుంటేనే వాటికి తిండి దొరుకుతుంది.

మీరు "కమ్" అనే మాటను ఇక వదిలేయండి. ఆ మాట విని వచ్చినప్పుడల్లా గుండుకు ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి: స్నానం, గొలుసు, ఆట ముగిసి ఇంటిదారి. మేము "దా" అని కొత్తగా మొదలుపెట్టాము. మొదటి వారమంతా వంటింట్లో రెండడుగుల దూరం నుంచే పిలిచి, రాగానే శనగగింజంత ఉడికించిన కోడిమాంసం పెట్టేవాళ్లము. తరువాత డాబా మీద, ఆ తరువాత ఛాతీ పట్టీకి 10 మీటర్ల నూలు తాడు కట్టి ఖాళీ మైదానంలో. వచ్చిన ప్రతిసారీ ముక్క పెట్టి మళ్లీ వాసన చూసుకోవడానికి వదిలేయాలి, అప్పుడే పిలుపు అంటే ఆట ముగియడం కాదని దానికి అర్థమవుతుంది. అంత పొడవు తాడును మెడపట్టీకి మాత్రం కట్టకండి; పరుగులో ఒక్కసారిగా ఆగితే మెడకు దెబ్బ. పెట్టిన ముక్కల మేరకు రోజువారీ తిండి తగ్గించాలి, బీగిల్ ఇట్టే లావెక్కుతుంది.

ఈడ్చే అలవాటుకు, తాడు బిగిసిన క్షణమే నిలబడిపోవడం, వదులైన క్షణమే నడవడం తప్ప నాకు వేరే మార్గం తెలియదు. మొదటి రోజు మా వీధి చివరి చింతచెట్టు వరకు వెళ్లడానికి 25 నిమిషాలు పట్టింది. ఈలోగా పాలు పోసే అతను మమ్మల్ని రెండుసార్లు దాటిపోయి నవ్వుకున్నాడు.

సమాధానం 2 (జనగామ)

ఇంత తతంగం అవసరమా? మా పొలం దగ్గరి కుక్కలకు ఎవరూ కోడిమాంసం పెట్టి నేర్పలేదు, ఒక్క కేక వేస్తే ఆగుతాయి. గుంపుకు నాయకుడు ఎవరో తెలియని కుక్కే ఎదురు తిరుగుతుంది.

సమాధానం 3 (వరంగల్, విశ్రాంత పశువైద్యుడు)

జనగామ మిత్రులకు: ఆ నాయకుడి సిద్ధాంతానికి మూలం, బంధించి పెంచిన తోడేళ్లను చూసి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం. ఆ మాటకు ఎంతో ప్రచారం కల్పించిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, 1999లో స్వయంగా దాన్ని సవరించుకున్నారు; అడవిలో తోడేళ్ల గుంపంటే సాధారణంగా తల్లీ తండ్రీ వాటి పిల్లలేనని, పెత్తనం కోసం కొట్లాడుకునే ముఠా కాదని రాశారు. మీ పొలం కుక్కలు తమకు తెలిసిన చోట, తాడు లేకుండా పెరిగినవి. బీగిల్‌ను వాటితో పోల్చడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగిన వారికి: కూలబడటం ఎండలు ముదిరాకే మొదలైందని మీరే రాశారు. ఆ మలుపులో అరచెయ్యి రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. వేళ్ల మధ్య పిడుదులున్నాయేమో, వేలాడే చెవుల లోపల దుర్వాసన ఉందేమో కూడా చూడండి. పిడుదుల జ్వరం వచ్చిన కుక్క నీరసంతో నడవనంటే దాన్ని మొండితనమని తిట్టిన ఇళ్లను నేను చాలా చూశాను. ఇక రొట్టె విషయం. పదిసార్లు మొరిగితే ఒకసారే దొరికినా అలవాటు పోదు సరికదా, ఇంకా గట్టిపడుతుంది. పెట్టడం మానిన మొదటి కొన్ని రోజులు అరుపు పెరుగుతుంది. అప్పుడు జాలిపడి పెట్టారంటే, ఇంకా గట్టిగా అరవమని నేర్పినట్లే.

ప్రశ్న అడిగినవారు

నిన్న సాయంత్రం ఆ మలుపులో అరచెయ్యి ఆనించి, మూడు లెక్కపెట్టేలోగా తీసేశాను. నేను చెప్పులు వేసుకుని నడుస్తూ దాన్ని మొండిదన్నందుకు సిగ్గుపడ్డాను. ఈ ఉదయం 6 గంటలకు వెళ్లాము. కూలబడలేదు, కానీ ఈడ్వడం మాత్రం మానలేదు. ఎడమ చెవి వాసన వస్తోంది కాబట్టి రేపు డాక్టరుకు చూపిస్తాను. మీ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపిస్తే, "దా" అనే మాట తానే నేర్పుతానని, రొట్టె మాత్రం మానలేనని అన్నారు. ఆ ముక్కను భోజనానికి ముందే, గుండు మొరగకుండా చాప మీద కూర్చున్నప్పుడు పెట్టేలా చివరికి ఒప్పించాను. కాజీపేట వారిని ఒక మాట అడగాలి: ఛాతీ పట్టీకి కొలత ముందుకాళ్ల వెనక తీసుకోవాలా, మెడ మొదట్లోనా?