పాత పగులులోంచి దిగిన తుఫాను నీరు: బీమా ఇవ్వాలా, వద్దా?

పర్లాకిమిడి ఇల్లాలు:
గత అక్టోబరు తుఫాను రాత్రి మా మెట్లగది రేకు గాలికి ఎగిరిపోయింది. వాన నీరు మెట్ల మీదుగా హాల్లోకి దిగి టీవీ, సోఫా తడిసిపోయాయి. అదే రాత్రి ఉత్తరపు గదిలో స్లాబు పగులులోంచి ధార కట్టి బీరువా మీద పడింది. మా అత్తగారి పట్టుచీరలన్నీ రంగు దిగాయి. మాది భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన బీమా సర్వేయరు స్టూలెక్కి పగులులో గోరు పెట్టి గీకి, ఆకుపచ్చగా వచ్చిన నాచును నాకు చూపించారు. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది: నిర్వహణ లోపం, క్లెయిము మొత్తం తిరస్కరిస్తున్నాం అని. పగులు పాతదే, కాదనను. కానీ ఇన్నేళ్లలో ఏ వానకూ చుక్క కారలేదు. ఇది న్యాయమేనా?

బరంపురం మాస్టారు:
అమ్మా, బాధ అర్థమైంది. అయినా కంపెనీది తప్పనలేను. ఏళ్ల తరబడి అరిగిన స్లాబుకు బీమా ఎందుకు కట్టాలి? ఆ సొమ్ము మిగతా పాలసీదారులందరిదీ కదా. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పుర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లోనూ కారింది. అప్పటి నుంచి ఏటా వేసవిలో మేడ మీద పగుళ్లు పూడ్పిస్తున్నాను. పైగా వరద నీటికి ఇంటి బీమా వర్తించదని నెట్‌లో చదివాను.

రాయగడ పాత ఏజెంటు:
మాస్టారూ, మీరు చదివింది అమెరికా సంగతి. అక్కడ వరదకు వేరే పాలసీ కొనుక్కోవాలి. మన భారత్ గృహ రక్ష 2021 ఏప్రిల్ 1న వచ్చింది. అందులో తుఫాను, గాలివాన, వరద, ముంపు అన్నీ కలిసే ఉన్నాయి. ఇంటికి బీమా చేస్తే ఆ మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలకు మించకుండా, సామానుకు దానంతట అదే వర్తిస్తుంది. మన వాళ్లలో ఈ సంగతి తెలియక టీవీ, ఫ్రిజ్ అడగకుండా వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం. అమ్మా, మీరు రెండు నష్టాలను కలిపి ఒక్క క్లెయిముగా రాశారు, వాళ్లు ఒక్క మాటతో రెండూ కొట్టేశారు. మెట్లగది రేకును ఎత్తుకుపోయింది గాలి. దానికీ స్లాబు నాచుకూ సంబంధమేమిటి? హాలు నష్టం ఇవ్వకపోవడం అన్యాయం, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఉత్తరపు గది దగ్గరే వాదన. ఏటా కారే పగులైతే మాస్టారి మాటే నిలుస్తుంది. కానీ పగులు పాతదైనంత మాత్రాన కారణం పగులే అయిపోదు. తుఫాను వల్ల తడిసిందని మీరు చూపిస్తే, కాదు అరుగుదల వల్లేనని నిరూపించాల్సింది కంపెనీ. ఒకసారి సీలింగు చూడండి. ఏటా కారే చోట మరక ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా, అంచులు ముదురు పసుపులో ఉంటుంది, సున్నం పొడిపొడిగా రాలుతుంది. ఒక్క రాత్రి కారితే ఒకటే మరక, చుట్టూ రంగు గట్టిగా ఉంటుంది.

బరంపురం మాస్టారు:
వరద విషయంలో పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. హాలు సంగతీ సరే. నాచు మాత్రం తేమ లేనిదే పెరగదండి. అంటే నీరు ముందే లోపలికి దిగుతోందనే కదా?

రాయగడ పాత ఏజెంటు:
పగులు పై అంచున పెరిగిందా, గది లోపలి వైపునా? పైన అయితే ఎండకూ వానకూ నాచు మామూలే. సర్వేయరు గీకింది కింది నుంచి కాబట్టి ఈ పాయింటు మీకు బలమే, మాస్టారూ. అందుకే తుఫానుకు ముందు ఆ సీలింగు ఎలా ఉందో చూపే పాత ఫోటో కావాలి.

పర్లాకిమిడి ఇల్లాలు:
ఇప్పుడే వెతికాను. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం నాడు ఆ గదిలోనే కలశం పెట్టాం. ఫోటోలో పైన సీలింగు కూడా పడింది, తెల్లగా ఉంది. అప్పటికే రెండు నెలల వానలు పడ్డాయి.

రాయగడ పాత ఏజెంటు:
ఆ ఒక్క ఫోటో చాలా విలువైనదమ్మా. సర్వేయరు నివేదిక నకలు అడగండి. హాలుకు ఒకటి, గదికి ఒకటి లెక్క విడివిడిగా రాసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారికి, రాయండి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఏడాది దాటనివ్వకండి.

పర్లాకిమిడి ఇల్లాలు:
రేపే నకలు అడుగుతానండి. చీరలు ఉతకకుండా అలాగే మూట కట్టి ఉంచాను.