చలిలో జింక వేట: వణుకు రాకుండా, వాసన రాకుండా ఎలా?

ప్రశ్న: అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉంటాను. థ్యాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మొదలయ్యే తుపాకీతో జింకల్ని వేటాడే 9 రోజుల గన్ సీజన్‌కి మొదటిసారి వెళ్తున్నా. దళసరి జాకెట్ వేసుకుంటే చెయ్యి కదలట్లేదు, తీస్తే వణుకు. ఏం చెయ్యాలి? నా వాసన జింకకి తెలియకుండా ఎలా?

జవాబు: జాకెట్‌తో నడవకండి బ్రదర్. చెమట పట్టిందంటే, జింక కోసం కాపు కాసే స్టాండ్‌లో కూర్చున్న కాసేపటికే ఒళ్లు చల్లబడిపోతుంది. లోపల మెరినో ఊలు వేసుకుని (కాటన్ అస్సలు వద్దు), జాకెట్ బ్యాగుకి కట్టుకెళ్లి అక్కడికెళ్లాక వేసుకోండి. పైన మెరిసే ఆరెంజ్ లేదా పింక్ చట్టప్రకారం తప్పనిసరి.

జవాబు: వాసన పోగొట్టే స్ప్రేలకి డబ్బు తగలేసేముందు గాలి చూసుకోండి, జింక వచ్చే వైపు నుంచి మీ మొహానికి కొట్టాలి. వేట బట్టలు మూత ఉన్న డబ్బాలో, గరాజ్‌లో. మా ఇంట్లో ఇంగువ తాలింపు వాసన రెండుసార్లు ఉతికినా పోలేదు.

ప్రశ్న అడిగినవారు: చచ్చాం, నా జాకెట్ వంటింటి తలుపుకే వేలాడుతోంది!