డ్రాఫ్ట్‌లో వచ్చిన డిఫెన్స్ కుర్రాడు పనికొస్తాడో లేదో ఎన్నేళ్ళకు చెప్పొచ్చు?

నీలిగీత (మిస్సిసాగా):

మొన్న శనివారం మా ఇంట్లో నలుగురం ఐస్ హాకీ చూస్తూ ఒక మాట మీద గట్టిగా వాదించుకున్నాం. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే చోట, మొదటి పదిమందిలో ఎంపికైన డిఫెన్స్ కుర్రాడు రెండు సీజన్లు తడబడితే ఇక వాడిని వదిలించుకోవాల్సిందే అన్నాడు మా మిత్రుడు. నేను ఒప్పుకోలేదు. ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్ సంగతి వేరు. డిఫెన్స్‌మన్‌కు 23 ఏళ్ళు వచ్చేదాకా తీర్పు చెప్పడం అన్యాయం అని నా వాదన. అందరూ ఇక్కడ మీ అభిప్రాయం చెప్పండి.

నాకు ఆధారం 2008 డ్రాఫ్ట్. ఆ ఏడు ఫార్వర్డ్ స్టామ్‌కోస్ మొదట ఎంపికయ్యాక వరసగా నలుగురు డిఫెన్స్‌మెన్ ఎంపికయ్యారు. లాస్ ఏంజెలెస్ డౌటీని, అట్లాంటా బొగోసియన్‌ని, సెయింట్ లూయిస్ పీట్రాంజెలోని తీసుకున్నాయి. ఐదో స్థానంలో మా టొరంటో ల్యూక్ షెన్‌ని తీసుకుంది. షెన్‌కి ఇంకా 19 కూడా నిండకముందే పెద్ద టీమ్‌లో పెట్టేశారు. ఆ సీజన్‌లో 70 మ్యాచ్‌లు ఆడాడు. మేమంతా ఎంత సంబరపడ్డామో చెప్పలేను. పదేళ్ళ పాటు మా గోల్ ముందు గోడలా నిలబడతాడు అనుకున్నాం.

పీట్రాంజెలోని మాత్రం 8 మ్యాచ్‌లు ఆడించి జూనియర్ లీగ్‌కు పంపేశారు. తర్వాతి ఏడాది 9 మ్యాచ్‌లు, మళ్ళీ వెనక్కి. నాలుగో స్థానంలో తీసుకున్న వాడిని రెండుసార్లు వెనక్కి పంపారంటే ఏదో లోపం ఉందనే అప్పట్లో చాలామంది అనుకున్నారు. మూడో ఏడాది వచ్చి స్థిరపడ్డాడు. 2019లో సెయింట్ లూయిస్ మొట్టమొదటిసారి స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) గెలిచినప్పుడు దాన్ని ముందుగా పైకెత్తిన కెప్టెన్ అతనే. షెన్‌ని మేము 2012లోనే ఫిలడెల్ఫియాకు ఇచ్చేశాం. అప్పటికి అతని వయసు 22. తప్పులు చేస్తూ నేర్చుకోవాల్సిన వయసులో ఆ తప్పులన్నీ వేలమంది ముందు, ఓడిపోయే టీమ్‌లో చేశాడు పాపం. తర్వాత టాంపా తరఫున 2020, 2021లో రెండు కప్పులు గెలిచాడు. అంటే ఆటగాడిగా పనికిరాని వాడేం కాదు. మేమే తొందరపడ్డాం.

అదే డ్రాఫ్ట్‌లో 15వ స్థానంలో ఎరిక్ కార్ల్‌సన్, 38వ స్థానంలో రోమన్ యోసి ఉన్నారు. కార్ల్‌సన్ మూడుసార్లు, యోసి ఒకసారి నారిస్ ట్రోఫీ గెలిచారు, అంటే ఏడాదికి ఒక్కరికే దక్కే ఉత్తమ డిఫెన్స్‌మన్ బహుమతి. 18 ఏళ్ళకే అంతా తెలిసిపోతుందంటే వీళ్ళు అంత కిందికి ఎలా జారారు?

డాలస్_వాసి:

అన్నా, మీ బాధ అర్థమైంది గానీ మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. మీరు డౌటీని ఒక్క ముక్కలో దాటేశారు. అతను కూడా 18 ఏళ్ళకే నేరుగా వచ్చాడు. 20 ఏళ్ళకు వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడా స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఎవరూ అతని కోసం ఐదేళ్ళు ఎదురు చూడలేదు. మా డాలస్ 2017లో మూడో స్థానంలో హెయిస్కనెన్‌ని తీసుకుంది. 19 ఏళ్ళకు వచ్చి తొలి సీజన్‌లోనే 82 మ్యాచ్‌లూ ఆడాడు. నేను అరీనాలో చూశాను. మొదటి నెలలోనే తెలిసిపోయింది, ఈ అబ్బాయికి కంగారు అంటే ఏంటో తెలియదు అని.

ఓపిక పడితే ఏం పోగొట్టుకుంటామో చెప్పడానికి గ్రిఫిన్ రైన్‌హార్ట్ చాలు. 2012లో న్యూయార్క్ ఐలాండర్స్ నాలుగో స్థానంలో తీసుకున్న పొడుగాటి డిఫెన్స్‌మన్. మూడేళ్ళు చూసి, 2015లో ఎడ్మంటన్‌కు ఇచ్చేసి బదులుగా ఆ ఏడు డ్రాఫ్ట్‌లో 16వ, 33వ పిక్‌లు (ఎంపిక వంతులు) పుచ్చుకున్నారు. ఆ 16వ పిక్‌తో తీసుకున్నది మాథ్యూ బార్జల్‌ని. అతను 2018లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. రైన్‌హార్ట్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం ఆడినవి 37 మ్యాచ్‌లు. 23 ఏళ్ళ దాకా ఆగి ఉంటే ఐలాండర్స్ చేతికి ఏమీ మిగిలేది కాదు. తమ కుర్రాడిని తాము త్వరగా, సరిగ్గా అంచనా వేసుకోవడం కూడా ఒక విద్యే. దాన్ని తొందరపాటు అనకండి.

కొత్తచూపు (విజయవాడ):

నేను కొత్త. మా అక్క కెనడా వెళ్ళినప్పటి నుంచి హాకీ చూస్తున్నాను. ఒక సందేహం. మన ఐపీఎల్ వేలంలో ఆటగాడు అప్పటికే ఏం ఆడాడో చూసి కొంటారు కదా. ఇక్కడ 18 ఏళ్ళ పిల్లల్ని ఏం చూసి తీసుకుంటారు? పైగా డిఫెన్స్ వాళ్ళకే ఎక్కువ టైమ్ పడుతుందని ఎందుకంటారు?

రింక్_నాన్న (బ్రాంప్టన్):

మంచి ప్రశ్న అడిగారు. ఇక్కడ వేలం పాట ఉండదు. ఏడు రౌండ్లు, ఒక్కో రౌండ్‌లో టీమ్‌కొక వంతు, కింద ఉన్న టీమ్‌లకు ముందు వంతులు వస్తాయి. చూసేది జూనియర్ లీగుల్లో, కాలేజీలో, స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చోట్ల ఆ పిల్లలు ఆడిన ఆటని. రెండో ప్రశ్నకు కాస్త పెద్ద జవాబు చెప్పాలి. మా అబ్బాయి డిఫెన్స్ ఆడతాడు, ఆరేళ్ళుగా పొద్దున్నే 5 గంటలకు రింక్‌లో (మంచు మైదానంలో) కూర్చుని చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ఫార్వర్డ్ తప్పు చేస్తే వెనక ఇంకా ఇద్దరు డిఫెన్స్‌మెన్ ఉంటారు. డిఫెన్స్‌మన్ తప్పు చేస్తే వెనక గోలీ ఒక్కడే. అందుకే కోచ్‌కి నమ్మకం కుదరడానికి ఆలస్యమవుతుంది. ఇక పని చూడండి. అవతలి వాళ్ళు పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళని) మన మూలలోకి కొడతారు. డిఫెన్స్‌మన్ గోల్ వైపు తిరిగి, పక్ కోసం పరిగెత్తాలి. వీపు వెనక 100 కిలోల మనిషి గుద్దడానికి వస్తుంటాడు. పక్ దగ్గరికి చేరేలోపే రెండుసార్లు భుజం మీదుగా చూసి, ఎవరెక్కడున్నారో లెక్కేసుకుని, అందుకోగానే పాస్ ఇచ్చేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రింక్ చుట్టూ ఉండే అద్దానికి అతుక్కుపోతాడు. జూనియర్ లీగ్‌లో ఆ వెనక వచ్చేవాడికి 17 ఏళ్ళు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 28 ఏళ్ళు ఉంటాయి, ఇదే ఎత్తు వెయ్యిసార్లు చూసి ఉంటాడు. అక్కడ సరిపోయిన వేగం ఇక్కడ సరిపోదు. ఆ తేడాకి అలవాటు పడటానికే రెండు మూడేళ్ళు పోతాయి.

రెండోది, వెనక్కి స్కేట్ చేస్తూ ఎదురొచ్చేవాడికీ తనకీ మధ్య దూరం పట్టుకోవడం. దీన్నే గ్యాప్ అంటారు. ఎక్కువ వదిలితే వాడు బ్లూలైన్ (మన గోల్ వైపు భాగం మొదలయ్యే గీత) దాటి తీరిగ్గా షాట్ కొడతాడు. తక్కువ వదిలితే పక్కనుంచి దూసుకుపోతాడు. ఇది మామూలు లెక్కల పట్టికల్లో కనిపించదు. మ్యాచ్ అంతా ఆ ఒక్క కుర్రాడినే చూస్తూ కూర్చుంటే తప్ప తెలియదు.

అందుకే నేను నీలిగీత గారి వయసు లెక్కనీ ఒప్పుకోను, డాలస్ గారి "మొదటి నెలలోనే తెలుస్తుంది"నీ ఒప్పుకోను. ఎన్నేళ్ళు అని కాదు, ఏం చూస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న. 2012 డ్రాఫ్ట్‌లో మొదటి పదిమందిలో 8 మంది డిఫెన్స్‌మెన్. రైలీ, లిండ్‌హోమ్, ట్రూబా లాంటి మంచి వాళ్ళు అందులో ఉన్నారు. కానీ అదే ఏడు అన్ని టీమ్‌లూ వదిలేసుకుంటూ పోతే కరోలినా 120వ స్థానంలో జాకబ్ స్లేవిన్‌ని తీసుకుంది. సెయింట్ లూయిస్ 86వ స్థానంలో పరైకోని తీసుకుంది, అంతకు ముందు ఏడాది అతన్ని అసలు ఎవరూ తీసుకోలేదు. స్లేవిన్ చేసే పని గోల్స్ ఆపడం, అదీ ఒళ్ళు తగలకుండా, కర్రతో. మర్యాదగా ఆడినందుకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీని డిఫెన్స్‌మన్ అయ్యుండి రెండుసార్లు అందుకున్నాడు. 17 ఏళ్ళప్పుడు అతని ఆటలో స్కౌట్లకు (కొత్త ఆటగాళ్ళను వెతికేవాళ్ళకు) కళ్ళు చెదిరేది ఏదీ దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే అతను బాగా ఆడితే అవతల ఏమీ జరగదు.

మా అబ్బాయికి ఈ అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను. కిందటేడు ఒక క్లబ్‌లో సెలెక్షన్‌కి వెళితే, బెత్తెడు ఎక్కువ పొడుగున్న పిల్లల్ని ముందే ఒక పక్కన నిలబెట్టేశారు. వాడు ఆ రోజు ఒక్క పక్ కూడా పోగొట్టుకోలేదు. కారులో ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాలస్_వాసి:

అన్నా, మీ బాబు గురించి చదివి మనసుకి కష్టంగా అనిపించింది. మీ మాట నిజమే. 2004-05 సీజన్ లాకౌట్‌లో (ఓనర్లకూ ఆటగాళ్ళకూ ఒప్పందం కుదరక లీగ్ మూతపడి) పోయాక రూల్స్ మారాయి, పట్టుకుని లాగితే కచ్చితంగా పెనాల్టీ వేయడం మొదలైంది. అప్పటి నుంచి పొడుగు కన్నా స్కేటింగే ముఖ్యమైంది. ఆడమ్ ఫాక్స్ 66వ పిక్, 2021లో నారిస్. లేన్ హట్సన్‌ని 2022లో మాంట్రియల్ 62వ స్థానంలో తీసుకుంది, కారణం అతను పొట్టివాడని అందరూ భయపడటమే. 2024-25లో 66 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) చేసి కాల్డర్ గెలిచాడు.

అయినా టీమ్ వైపు నుంచి కూడా ఆలోచించండి. కుర్రాడి మొదటి కాంట్రాక్ట్ మూడేళ్ళే. 18, 19 ఏళ్ళవాడు సీజన్‌లో 10 మ్యాచ్‌లు ఆడకముందే వెనక్కి పంపితే ఆ ఏడాది కాంట్రాక్ట్‌లోంచి కరగదు. పీట్రాంజెలో 8, 9 మ్యాచ్‌లకే ఆగిపోవడం వెనక ఆ లెక్క కూడా ఉంది. కెనడా జూనియర్ నుంచి వచ్చినవాడికి ఇంకో చిక్కు. 20 రాకముందు వాడిని ఎన్‌హెచ్‌ఎల్ కింది మెట్టు లీగ్ అయిన ఏహెచ్‌ఎల్‌కి పంపకూడదని చాలా ఏళ్ళు నిబంధన నడిచింది. అయితే పెద్ద టీమ్, లేదంటే మళ్ళీ పిల్లల మధ్యకి. జూనియర్‌లో నేర్చుకోవడానికి ఏమీ మిగలని వాడు, ఇక్కడ తట్టుకోలేని వాడు ఎక్కడికి పోవాలి? షెన్ విషయంలో మీ టొరంటో ఎదుర్కొన్న ఇబ్బంది అదే.

కొత్తచూపు (విజయవాడ):

అంటే అమెరికా కాలేజీల్లో, యూరప్‌లో ఆడేవాళ్ళకు ఈ చిక్కు లేదన్నమాట. ఇందాక మీరు చెప్పిన ఫాక్స్, హట్సన్ అలా వచ్చినవాళ్ళేనా?

రింక్_నాన్న (బ్రాంప్టన్):

అవునండీ, బాగా పట్టుకున్నారు. ఫాక్స్ హార్వర్డ్‌లో మూడేళ్ళు, హట్సన్ బోస్టన్ యూనివర్సిటీలో రెండేళ్ళు ఆడారు. స్లేవిన్ కూడా కాలరాడో కాలేజీలో రెండేళ్ళు ఉన్నాడు. యోసి డ్రాఫ్ట్ అయ్యాక స్విట్జర్లాండ్‌లోనే ఉండి బెర్న్‌కి ఆడాడు. ఇంకా వెనక్కి వెళితే, లిడ్‌స్ట్రమ్‌ని డెట్రాయిట్ 1989లో 53వ స్థానంలో తీసుకుని రెండేళ్ళు స్వీడన్‌లోనే ఉంచింది. అతను ఏడు నారిస్ ట్రోఫీలు గెలిచాడు. వీళ్ళంతా మొదటి తప్పులు చేసింది ఎన్‌హెచ్‌ఎల్ బయట, కాస్త తేలికైన పోటీలో.

నీలిగీత (మిస్సిసాగా):

రెండు రోజులు ఆలోచించాను. 23 ఏళ్ళు అన్న నా గీత తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. డాలస్ తమ్ముడు చెప్పిన రైన్‌హార్ట్ కథ నాకు గట్టిగా తగిలింది. ఐలాండర్స్ వయసు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు, కుర్రాడి ఆట చూసి తేల్చుకున్నారు.

కానీ ఒక విషయంలో నేను వెనక్కి తగ్గను. తప్పు చేశాడని కాదు, అదే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడా అని చూడాలి. నవంబర్‌లో పక్ తీసుకునేటప్పుడు వెనక్కి చూడని కుర్రాడు మార్చిలో చూస్తున్నాడంటే, టీమ్ ఓడినా, ప్లస్ మైనస్ (వాడు ఆడుతుండగా టీమ్ కొట్టిన గోల్స్‌కీ ఇచ్చిన గోల్స్‌కీ తేడా) ఎంత కిందకున్నా వాడు ఎదుగుతున్నట్టే. కాలరాడో డిఫెన్స్‌మన్ కేల్ మకార్‌ని చూడండి. ఆల్బర్టాలో బ్రూక్స్ అనే చిన్న ఊరి టీమ్ నుంచి వచ్చాడు. ఆ లీగ్ స్థాయి తక్కువని స్కౌట్లు సందేహించారు. నాలుగో స్థానంలో తీసుకున్నాక కూడా కాలరాడో అతన్ని రెండేళ్ళు మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఉండనిచ్చింది. 2019 ఏప్రిల్‌లో కాల్గరీ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో మొదటిసారి దిగి, ఆ మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆ రెండేళ్ళూ ఎవరూ అతన్ని ఫెయిల్ అనలేదు, ఎందుకంటే ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు చూసేవాళ్ళ కంటికి కనపడలేదు. షెన్‌కి ఆ అదృష్టం లేకపోయింది.

రింక్_నాన్న గారూ, ఈ శనివారం నేను పక్ వైపు చూడను. మా టీమ్ కుర్రాడిని ఒక్కడినే చూస్తాను, మీరు చెప్పినట్టు భుజం మీదుగా ఎన్నిసార్లు చూస్తున్నాడో కాగితం మీద గీతలు పెట్టుకుంటాను. మా మిత్రుడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. మీ బాబు మ్యాచ్ ఈ వారం ఏ రింక్‌లోనో చెప్పండి, వచ్చి చూస్తాను.