కొండ చలిలో ప్రాక్టీస్, ముంబైలో హాఫ్ మారథాన్: వారం సెలవు ఎప్పుడు వాడాలి?

మాది ఒడిశా కొండల్లో కొరాపుట్ జిల్లా సిమిలిగుడ. వయసు 41, సరదాగా పరిగెత్తేవాణ్ణి. జనవరిలో ముంబైలో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) ఉంది. ఇక్కడ డిసెంబర్ పొద్దుటిపూట పొగమంచు, చేతులకు గ్లౌజులు. కిలోమీటరు ఆరున్నర నిమిషాల వేగంతో వెళ్తే గుండె వేగం నిమిషానికి 148 దాటదు. అదే వేగం వైజాగ్ ఆర్కే బీచ్ రోడ్డులో ఎనిమిదో కిలోమీటరుకే 170. పద్నాలుగు దాటాక పిక్కలు పట్టేస్తాయి, బనియన్ పిండితే నీళ్లు కారతాయి.

ఓఆర్‌ఎస్ తాగాను, ఉప్పు మాత్రలు వేసుకున్నాను. ఇక్కడే మధ్యాహ్నం ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని కూడా పరిగెత్తాను (ఊళ్లో కుక్కలన్నీ వెంటపడ్డాయి). చెమటైతే పట్టింది గానీ సముద్రపు ఉక్క రాలేదు, వైజాగ్ వెళ్తే మళ్లీ అదే కథ. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్.

ఉక్కకు ఒళ్లు బాగా అలవాటు పడాలంటే 10 నుంచి 14 రోజులు కావాలంటారు. చలికి తిరిగొస్తే ఆ అలవాటు మెల్లగా పోతుందట కూడా. నాకు దొరికే సెలవు 7 రోజులే. వైజాగ్ లాసన్స్ బేలో అక్క వాళ్లిల్లు ఉంది కాబట్టి బసకు టెన్షన్ లేదు, కిరండోల్ రైలెక్కితే రాత్రికి దిగిపోవచ్చు.

ఆ వారం పరుగుకు సరిగ్గా ముందు పెట్టుకుని అటునుంచే ముంబై వెళ్లాలా, లేక రెండు వారాల ముందే గట్టిగా ప్రాక్టీస్ చేసి ఇంటికొచ్చి విశ్రాంతి తీసుకోవాలా? చలి ప్రాంతం నుంచి వెళ్లి పరిగెత్తినవాళ్లకు ఏది పనిచేసింది?